ఇంటి ఫోన్ నెట్ మీదికి మార్చాలి: ఏ అడాప్టర్ కొనాలి, ఏ కంపెనీ మంచిది? (టెక్సస్)

ప్లేనో_కోడలు:
అందరికీ నమస్తే. మాది ప్లేనో. మా అత్తయ్య, మామయ్య గ్రీన్‌కార్డు మీద వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఉంది. బిల్లు ఏటా పెరుగుతూ పన్నులతో కలిపి నెలకు 60 డాలర్లు దాటింది. ఇండియా కాల్స్ దానికి అదనం.

తీసేద్దామంటే అత్తయ్యకు ఆ ఫోనే కావాలి. స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాం గానీ ఆవిడకు చూపు సరిగా ఆనదు. ఒకటి నొక్కబోతే ఇంకోటి తెరుచుకుంటుంది, దాంతో టెన్షన్ పడి పక్కన పెట్టేస్తారు. పెద్ద బటన్లుండాలి, ఎత్తగానే డయల్ టోన్ వినిపించాలి, అంతే. ఆవిడ రోజూ మాట్లాడేది రేపల్లె దగ్గర పల్లెలో ఉన్న వాళ్ల అన్నయ్యతో. ఆయన దగ్గరున్నది బటన్ ఫోను, వాట్సాప్ లేదు. కాబట్టి "వాట్సాప్ వాడండి" అని మాత్రం చెప్పకండి, ప్లీజ్.

నెట్‌కు తగిలించే అడాప్టర్ కొంటే ఇదే ఫోను చవగ్గా నడుస్తుందని ఆఫీసులో విన్నాను. ఏది కొనాలి? పాత నంబరు పోకూడదు. డాక్టర్ల దగ్గర, బ్యాంకులో, గుళ్లో అన్నిచోట్లా అదే ఇచ్చి ఉంది. ఇంట్లో మూడు గదుల్లో ఫోన్లున్నాయి, అన్నీ మోగాలి.

బేఏరియా_పాతకాపు:
అమ్మా, ఈ దారిలో చాలా కాలంగా ఉన్నవాణ్ని. ముందు ఏది కొనకూడదో చెబుతాను, ఎందుకంటే గూగుల్‌లో వెతికితే మొదట అదే కనిపిస్తుంది.

మేమందరం ఫోన్ కార్డులు గీకి పిన్ను నొక్కిన కాలం వాళ్లం. కార్డు మీద ఇన్ని నిమిషాలని రాసి ఉండేది, కనెక్షన్ ఫీజు పోను సగం కూడా వచ్చేవి కాదు. తర్వాత రిలయన్స్ ఇండియా కాల్ వచ్చింది. 2009 ఆగస్టులో నెట్ ఫోన్ కంపెనీ వోనేజ్ వాళ్లు నెలకు 24.99 డాలర్లకు ఇండియాతో సహా 60కి పైగా దేశాలకు అన్‌లిమిటెడ్ అన్నారు. మన తెలుగువాళ్ల ఇళ్లలో అడాప్టర్ అనే వస్తువు బాగా పాకింది అప్పుడే.

ఆ తర్వాత ఓబీ అనే కంపెనీ అడాప్టర్ పెట్టెలు. ఓబీ110, ఓబీ200. వాటిలో గూగుల్ వాళ్ల నెట్ ఫోన్ సర్వీసు, గూగుల్ వాయిస్ పెట్టుకుంటే అమెరికా, కెనడా కాల్స్ ఫ్రీ. ఒక్కసారి పెట్టె కొంటే నెలబిల్లే లేదు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాం. 2018 జూన్‌లో గూగుల్ పాత పద్ధతి ఆపేసింది, ఓబీ100, ఓబీ110 పెట్టెలు గూగుల్ వాయిస్‌కు పనికిరాకుండా పోయాయి. ఆ ఏడాది మొదట్లోనే ఓబీ కంపెనీని పాలీకామ్ కొనేసింది, అది పాలీ అయ్యింది, 2022లో పాలీని హెచ్‌పీ కొంది. ఓబీ200 అమ్మకం, సపోర్టు రెండూ ఆగిపోయాయి.

ఇప్పుడు ఈబేలో, గరాజ్ సేల్‌లో ఓబీ200 చవగ్గా దొరుకుతుంది. ఇప్పటికే నడుస్తున్నవాళ్లు నడిచినన్నాళ్లు నడుపుకోవచ్చు. కొత్తగా పెద్దవాళ్ల కోసం మాత్రం కొనొద్దు. ఫ్రీ సర్వీసు ఎప్పుడు ఆగినా అడిగే హక్కు మనకుండదు. పైగా మామూలు గూగుల్ వాయిస్ ఖాతాలో ఎమర్జెన్సీ నంబరు 911 పనిచేయదు. మీ అత్తయ్యగారు ఇంట్లో ఒంటరిగా ఉండే వేళలు ఉంటాయి కదా.

రూటర్‌రాజు:
పెద్దాయన చెప్పినదంతా నిజం. ఇప్పుడు ఏది కొనాలో నేను చెబుతాను.

రెండు దారులున్నాయి. ఒకటి, పెట్టె, సర్వీసు ఒకే కంపెనీవి. ఊమా, మ్యాజిక్‌జాక్ లాంటివి. పెట్టె తెచ్చి తగిలిస్తే పని అయిపోతుంది. ఆ పెట్టె వేరే కంపెనీతో పనిచేయదు. రెండోది, ఏ కంపెనీకీ తాళం వేయని అడాప్టర్ కొనుక్కుని, సర్వీసు మనకు నచ్చినచోట తీసుకోవడం. రేపు ఆ కంపెనీ రేట్లు పెంచితే పెట్టె అదే ఉంటుంది, లోపల నాలుగు వివరాలు మార్చి ఇంకో కంపెనీకి పోవచ్చు. నేను రెండోదే చెబుతాను.

పెట్టె: గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ801. అరచేతిలో పడుతుంది. ఒకవైపు రూటర్‌కు నెట్ కేబుల్, ఇంకోవైపు మామూలు ఫోన్ వైరు. 50 డాలర్ల లోపే. రెండు లైన్లు కావాలంటే హెచ్‌టీ802. కొనేటప్పుడు "అన్‌లాక్డ్" అని ఉందో లేదో చూడండి. పాత వోనేజ్ పెట్టెలు, సిస్కో పెట్టెలు చవగ్గా వస్తాయి, చాలావాటికి తాళం ఉంటుంది.

సర్వీసు: వాయిప్ డాట్ ఎంఎస్, కాల్‌సెంట్రిక్ లాంటివి. ముందే కొంత డబ్బు వేసుకుని వాడినదానికే కట్టే పద్ధతి. నంబరుకు నెలకు ఒక డాలరు అటూ ఇటూ, 911కు ఒకటిన్నర అటూ ఇటూ, అమెరికా కాల్స్ నిమిషానికి సుమారు ఒక సెంటు. ఇండియా కాల్స్ కాకుండా మామూలు ఇంటికి నెలంతా కలిపి 10 డాలర్లు దాటడం కష్టం. కచ్చితమైన రేటు చేరేరోజు వాళ్ల సైట్‌లో చూసుకోండి, మారుతుంటాయి.

అట్లాంటా_అక్క:
రాజు గారూ, మీరు చెప్పింది మీలాంటి వాళ్లకు సులువు. మా ఇంట్లో ఊమా పెట్టి చాలా ఏళ్లయింది. పెట్టె కొన్నాక నెలనెలా పన్నులూ ఫీజులే కడుతున్నాం, అమెరికా కాల్స్‌కు వేరే చార్జీ లేదు. 911 ఉంది, నంబరు మార్పించుకున్నాం. ఇండియాకు మాత్రం విడిగా కట్టాలి. పెట్టె పాడైతే ఒక ఫోన్ నంబరుకు చేసి అడిగేందుకు మనుషులున్నారు. మీరు చెప్పిన పద్ధతిలో ఏదైనా చెడితే ఆ అమ్మాయి ఎవరిని అడుగుతుంది?

రూటర్‌రాజు:
న్యాయమైన ప్రశ్నే అక్కా. ఇంట్లో ఒక్కరికైనా రూటర్ పేజీ తెరిచి చూసే ఓపిక ఉంటే నా దారి. లేకపోతే మీ దారే. కోడలు గారు ఆఫీసులో ఏం పని చేస్తారో తెలిస్తే తేలిపోతుంది.

ప్లేనో_కోడలు:
టెస్టింగ్‌లో ఉన్నానండీ. రూటర్ పేజీకి భయం లేదు. తాళం లేని పెట్టే కొంటాను. ఇండియా రేటు సంగతి ఎవరైనా చెబుతారా? అమెరికా కాల్స్ దాదాపు ఫ్రీ అయినప్పుడు ఇండియాకు ఎందుకు కాదు?

కృష్ణాతీరం:
టెలికాం బిల్లింగ్‌లో పనిచేశాను కాబట్టి ఇది నేను చెబుతాను.

బయటి దేశం నుంచి ఇండియా ఫోనుకు కాల్ వస్తే, ఆ కాల్‌ను మీ అత్తయ్యగారి అన్నయ్య ఫోనుదాకా చేర్చినందుకు అక్కడి ఆపరేటర్‌కు నిమిషానికి ఇంత అని ఇక్కడివాళ్లు కట్టాలి. ఆ రేటు అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయిస్తుంది. 2015 నుంచి 53 పైసలు ఉండేది. 2018 ఫిబ్రవరి నుంచి 30 పైసలు చేశారు. 2020లో మళ్లీ మార్చి 35 నుంచి 65 పైసల మధ్య ఎంతైనా తీసుకోవచ్చన్నారు. మధ్యలో కాల్ మోసే కంపెనీల లాభం కలిపితే మనకు నిమిషానికి ఒకటి నుంచి మూడు సెంట్లు పడుతుంది. నెట్ ఎంత చవకైనా ఆ అడుగు రేటు తగ్గదు. రోజుకు అరగంట మాట్లాడితే నెలకు 9 నుంచి 27 డాలర్లు వేసుకోండి.

మరి కొందరు అరసెంటుకే ఇస్తామంటారు, వాళ్ల జోలికి పోవద్దు. వాళ్లలో చాలామంది కాల్‌ను దొంగదారిన దించుతారు. ఇండియాలో ఎక్కడో ఒక గదిలో సిమ్ బాక్స్, అంటే బోలెడు సిమ్‌లు వేసిన పెట్టె పెట్టి, బయటి కాల్‌ను లోకల్ కాల్‌లా మార్చేస్తారు. హైదరాబాద్‌లో అలాంటివి పోలీసులు పట్టుకున్న వార్తలు మీరూ చదివే ఉంటారు. అలా వెళ్లిన కాల్‌కు అవతల మీ నంబరు కనిపించదు, ఏదో తెలియని ఇండియా మొబైల్ నంబరు కనిపిస్తుంది. పెద్దాయన ఎత్తరు. మాట తెగిపోతూ ఉంటుంది. పైగా 2024 అక్టోబరులో, విదేశాల నుంచి ఇండియా నంబరు ముసుగు వేసుకుని వచ్చే కాల్స్‌ను అడ్డుకునే వ్యవస్థను అక్కడి టెలికాం శాఖ మొదలుపెట్టింది. ఇప్పుడు నంబరు సరిగ్గా చూపించే కంపెనీ ఉండటమే ముఖ్యం. ఒక సెంటు ఎక్కువైనా సరే. చాలా కంపెనీల్లో "ప్రీమియం రూట్" అని విడిగా ఉంటుంది, అది పెట్టుకోండి.

ఓరుగల్లు_బిడ్డ:
మంచి సమాచారం అన్నా. మా బాపుకు చేసిన కాల్స్‌కు రోజుకో నంబరు ఎందుకు పడుతుందో ఇప్పుడు అర్థమైంది. పోయిన వారమే ఆయన "స్పామ్ కాల్ అనుకొని కట్ చేసిన బిడ్డా" అన్నడు.

ట్రాయ్_నర్సమ్మ:
డబ్బు లెక్కలు అయ్యాయి కాబట్టి నేనొక మాట చెబుతాను. ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తున్నాను. దయచేసి దీన్ని చదివి వదిలేయకండి.

పాత ల్యాండ్‌లైన్‌లో 911 నొక్కితే మాట్లాడకపోయినా అడ్రసు వాళ్ల తెర మీద పడుతుంది. నెట్ ఫోనుకు ఆ అడ్రసు మీరు నమోదు చేస్తేనే ఉంటుంది. పెట్టె ఎక్కడుందో కంపెనీకి దానంతటదే తెలియదు. 2005 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో ఒక ఇంట్లోకి దుండగులు చొరబడి తల్లిదండ్రుల్ని కాల్చినప్పుడు, వాళ్ల కూతురు నెట్ ఫోన్‌లో 911 నొక్కితే కలవలేదు. టెక్సస్ అటార్నీ జనరల్ ఆ కంపెనీ మీద కోర్టుకు వెళ్లారు. అదే ఏడాది అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, మామూలు ఫోన్లతో కలిసే నెట్ ఫోన్ కంపెనీలన్నీ 911 ఇచ్చి తీరాలని నిబంధన తెచ్చింది. ఆ నిబంధన ఉన్నా, చిన్న కంపెనీల్లో 911ను మీరే ఖాతాలోకి వెళ్లి ఆన్ చేసి అడ్రసు ఇవ్వాలి. నెలకు ఆ ఒకటిన్నర డాలర్లు మిగులుతాయని ఆపేసుకున్నవాళ్లను చూశాను. అది మిగుల్చుకునే డబ్బు కాదు.

చేయాల్సినవి:

అపార్ట్‌మెంట్ నంబరుతో సహా అడ్రసు ఇవ్వండి. నమోదయ్యాక 933కు డయల్ చేయండి. చాలా కంపెనీల్లో ఆ నంబరు మీ అడ్రసును తిరిగి చదివి వినిపిస్తుంది. ఇల్లు మారిన రోజే అడ్రసు మార్చండి.

అత్తయ్యగారికి ఇంగ్లీషు రాకపోతే రెండు మాటలు నేర్పండి: "అంబులెన్స్", "తెలుగు". చాలా 911 కేంద్రాలకు దుబాసీల సేవ అందుబాటులో ఉంటుంది. భాష పేరు చెబితే తెలుగు మాట్లాడే మనిషిని లైన్‌లోకి తెచ్చే ప్రయత్నం చేస్తారు. కాల్ కట్ చేయకూడదని గట్టిగా చెప్పండి. మాటల్లో చెప్పి ఊరుకోకుండా, ఇద్దరు కలిసి కూర్చుని ఫోను చేతిలో పెట్టి, నొక్కకుండా ఒకసారి చూపించండి. మా వార్డుకు వచ్చే పెద్దవాళ్లలో చాలామంది కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా నొప్పి ఓర్చుకుని కూర్చున్నవాళ్లే. ఎవరికి చేయాలో తెలియక కాదు, ఏం మాట్లాడాలో తెలియక.

బేఏరియా_పాతకాపు:
నర్సమ్మ గారికి దండం. దీనికి ఇంకొకటి కలుపుతాను. పాత రాగి తీగకు కరెంటు టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది, 48 వోల్టులు. ఇంట్లో దీపాలు పోయినా ఫోను పనిచేసేది. ఇప్పుడు మోడెం, రూటర్, అడాప్టర్, ఈ మూడిటిలో దేనికి కరెంటు పోయినా ఫోను మూగబోతుంది. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు 2021 ఫిబ్రవరి మంచు తుఫాను గురించి నేను చెప్పక్కర్లేదు. చిన్న యూపీఎస్ ఒకటి కొని మూడూ దానికే తగిలించండి. కొన్ని గంటలు నిలబడుతుంది. ఆ పైన అవసరమైతే మొబైలే దిక్కు. పెద్దవాళ్ల మంచం పక్కన చార్జింగ్‌లో ఒక మొబైల్ కూడా ఉండాలి. నెట్ ఫోను ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ప్లేనో_కోడలు:
నర్సమ్మ గారూ, మీ పోస్టు మామయ్యకు చదివి వినిపించాను. అడ్రసు ఇంగ్లీషులో చెప్పడం ఆయన ఇప్పుడే ప్రాక్టీసు మొదలుపెట్టారు. చాలా థ్యాంక్స్ అండీ.

హెచ్‌టీ801 ఆర్డర్ పెట్టాను. ఇంట్లో మూడు గదుల సంగతి చెప్పండి. అడాప్టర్ వైరును గోడలోని ఫోన్ సాకెట్‌కు పెట్టేస్తే మిగతా గదుల్లో కూడా వస్తుందా?

చికాగో_వైర్‌మ్యాన్:
ఆగండాగండి. ఇప్పుడే పెట్టకండి.

గోడ సాకెట్ బయట ఫోన్ కంపెనీ తీగకు కలిసి ఉంటుంది. ఆ తీగలో ఎప్పుడూ 48 వోల్టులు, ఫోను మోగేటప్పుడు 90 వోల్టుల దాకా ఉంటాయి. అది అడాప్టర్‌లోకి ఎదురు వస్తే పెట్టె కాలిపోవచ్చు. ముందు ఇంటి బయటి గోడకు బూడిద రంగు డబ్బా ఒకటి ఉంటుంది, తెరవండి. లోపల వినియోగదారుల వైపు మూత తీస్తే చిన్న ఫోన్ ప్లగ్గు కనిపిస్తుంది. అది పీకేస్తే ఇంటి వైరింగ్ కంపెనీ తీగ నుంచి విడిపోతుంది. పీకాక ఆ ప్లగ్గుకు టేపు చుట్టి "పెట్టొద్దు" అని చీటీ అంటించండి. ఎప్పుడో వచ్చిన టెక్నీషియన్ మంచి మనసుతో మళ్లీ పెట్టేసి పోతాడు. తర్వాత ఇంట్లో ఏ సాకెట్‌లో ఫోను పెట్టినా డయల్ టోన్ రాకూడదు. రాలేదంటేనే అడాప్టర్ తగిలించండి. ఆ పని నంబరు మారడం పూర్తయ్యాకే, ఎందుకంటే అప్పటిదాకా పాత లైను మీకు కావాలి.

నన్నడిగితే ఇవేవీ వద్దు. మూడు హ్యాండ్‌సెట్ల కార్డ్‌లెస్ ఫోను ఒకటి కొనండి. బేస్ ఒక్కటే అడాప్టర్‌కు, మిగతా రెండూ వైరు లేకుండా ఏ గదిలోనైనా ఉంటాయి. గోడ జోలికి పోనక్కర్లేదు. పాత బరువైన గంట ఫోన్లు మూడు కలిపితే చిన్న అడాప్టర్ వాటిని మోగించలేక గంట నీరసంగా వస్తుంది. కార్డ్‌లెస్ బేస్ ఎన్ని హ్యాండ్‌సెట్లున్నా ఒక్క ఫోను కిందే లెక్క. పెద్ద బటన్లు, గట్టిగా వినిపించేవి దొరుకుతాయి. స్పీడ్ డయల్‌లో ఒకటి నొక్కితే రేపల్లె అన్నయ్య, రెండు నొక్కితే కొడుకు, అలా పెట్టేయండి. 011 91 అంటూ ఆవిడ నొక్కే పని తప్పుతుంది.

రూటర్‌రాజు:
వైర్‌మ్యాన్ గారి మాటే నాదీ. నంబరు మార్పు గురించి:

కొత్త కంపెనీలో పోర్టింగ్ ఫారం నింపే ముందు పాత కనెక్షన్ రద్దు చేయొద్దు. రద్దు చేస్తే నంబరు గాలిలో కలుస్తుంది. బిల్లు మీద పేరు, అడ్రసు, ఖాతా నంబరు ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా అలాగే రాయండి. చాలా తిరస్కరణలు ఇంటిపేరు తేడాల వల్లే, ముఖ్యంగా మన తెలుగు పేర్లు ముందువెనుకలు అవుతాయి కాబట్టి. మీ నెట్ కూడా అదే ఫోన్ తీగ మీద డీఎస్‌ఎల్ అయితే, నంబరు పోర్ట్ అవగానే నెట్ కూడా పోవచ్చు. ముందు నెట్‌ను విడిగా మార్చుకోండి. పోర్ట్ అయ్యేదాకా అడాప్టర్‌ను తాత్కాలిక నంబరుతో పరీక్షించుకోండి.

ఎవరైనా గూగుల్ వాయిస్‌కే తీసుకెళ్తామంటే, అది ల్యాండ్‌లైన్ నంబరును నేరుగా తీసుకోదు. ముందు ఏదైనా ప్రీపెయిడ్ మొబైల్‌కు మార్చి, అక్కడి నుంచి 20 డాలర్లు కట్టి గూగుల్‌కు మార్చాలి.

ప్లేనో_కోడలు:
పెట్టె వచ్చింది. ఫోను ఎత్తి మూడుసార్లు స్టార్ నొక్కాను, మెనూ మాట్లాడింది, 02 నొక్కితే ఐపీ అడ్రసు చదివింది. బ్రౌజర్‌లో అది కొట్టి లోపలికి వెళ్లి సర్వర్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ ఇచ్చాను. స్టేటస్ పేజీలో "రిజిస్టర్డ్" అని వచ్చింది. అత్తయ్య చేతికిస్తే డయల్ టోన్ విని "మన ఫోనేగా!" అన్నారు.

కానీ రేపల్లె కాల్ కలిశాక ఆయన మాట మాకు వినిపిస్తుంది, మా మాట ఆయనకు చేరడం లేదు. ఒక్కోసారి బాగుంటుంది, ఒక్కోసారి ఇలా. ఏం చూడాలి?

రూటర్‌రాజు:
ఒకవైపు మాట వినిపించకపోతే నూటికి తొంభై సార్లు రూటర్ చేసే పనే. రూటర్ పేజీలో "సిప్ ఏఎల్‌జీ" అని ఒకటి ఉంటుంది. ఫోన్ కాల్స్‌కు సాయం చేయాలని పెట్టినదే, కానీ అడాప్టర్ పంపే చిరునామాలను మధ్యలో దిద్ది పాడు చేస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి. అడాప్టర్‌లో ఎన్ఏటీ ట్రావర్సల్ దగ్గర "కీప్ అలైవ్" పెట్టండి. నెట్ కంపెనీ పెట్టె ఒకటి, మీ సొంత రూటర్ ఒకటి, రెండూ రూటర్లుగా నడుస్తుంటే మొదటిదాన్ని బ్రిడ్జ్‌లో, అంటే రూటర్ పని మానేసి నెట్‌ను దాటించడం మాత్రమే చేసేలా పెట్టండి. సర్వర్ డాలస్‌దే ఎంచుకోండి, మీకు దగ్గర.

కోడెక్‌లో (మాటను నెట్‌లో పంపేందుకు మార్చే పద్ధతి) మొదటిది పీసీఎంయూ ఉంచండి. అది జీ.711, ల్యాండ్‌లైన్‌లాంటి స్పష్టత. ఒక్కోవైపుకు సెకనుకు 90 కిలోబిట్ల లోపే కావాలి, ఇప్పటి నెట్‌కు అదేం లెక్క కాదు. మీ నెట్ అప్‌లోడ్ బొత్తిగా తక్కువైతేనే జీ.729, అది 30 చిల్లర సరిపెట్టుకుంటుంది, గొంతు కాస్త పలచనవుతుంది. పెద్దవాళ్లకు వినికిడి తగ్గి ఉంటుంది, జీ.711 వదలొద్దు.

ప్లేనో_కోడలు:
ఆ ఏఎల్‌జీ ఆఫ్ చేశాను, అడాప్టర్, రూటర్ రెండూ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాను. పోయింది ఆ సమస్య! నిన్న రాత్రి అత్తయ్య, వాళ్లన్నయ్య వరి కోతల దగ్గర మొదలుపెట్టి పెళ్లి సంబంధాల దాకా మాట్లాడుకున్నారు. మధ్యలో ఒక్కసారి కూడా "హలో, హలో, వినిపిస్తోందా" అనలేదు.

కృష్ణాతీరం:
చాలా సంతోషం అమ్మా. ఇంకో జాగ్రత్త. ఇలాంటి ఖాతాలను పట్టుకుని దొంగలు రాత్రికి రాత్రి ఖరీదైన దేశాలకు వందల కాల్స్ చేస్తారు. ఖాతాలో విదేశీ కాల్స్‌కు ఇండియా ఒక్కటే అనుమతించండి. రోజుకు ఇంతకు మించి ఖర్చు కాకూడదని హద్దు పెట్టండి. ఆటోమేటిక్ రీచార్జ్ పెట్టొద్దు, 25 డాలర్లు వేసుకుంటే పోయినా అంతే పోతుంది. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, రూటర్‌లో అడాప్టర్ కోసం పోర్టులేవీ తెరవకండి.

ఓరుగల్లు_బిడ్డ:
అన్నలూ, నాకు ఉల్టా ప్రశ్న. ఇదే పెట్టె హనుమకొండలో మా ఇంట్లో పెడితే? మా అమ్మ అక్కడ ఫోన్ ఎత్తి నా అమెరికా నంబరు లోకల్ కాల్ లెక్క చెయ్యొచ్చు కదా. వచ్చే నెల పోతున్న, తీసుకపోదామనుకుంటున్న.

బేఏరియా_పాతకాపు:
చాలామంది చేసినదే తమ్ముడూ. పెట్టె కరెంటుకు ఇబ్బంది లేదు, దాని చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునేదో కాదో చూసుకో. అక్కడి ఫోను వైరు కూడా ఇదే. పనిచేస్తుంది. కానీ మూడు సంగతులు ఆలోచించుకో.

అమెరికా అమ్మకాల కాల్స్ మధ్యాహ్నం రెండుకు వస్తే హనుమకొండలో అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఆ గంటకు ఇంట్లో ఎవరికేమైందోనని మీ అమ్మ ఉలిక్కిపడి లేస్తుంది. ఖాతాలో వేళలు పెట్టి, అక్కడ రాత్రి వచ్చేవన్నీ వాయిస్ మెయిల్‌కు పోయేలా చెయ్యి. నీ నంబరు ఒక్కటి మాత్రం ఎప్పుడైనా మోగేలా ఉంచు.

రెండోది, ఆ నంబరు మీద 911 అడ్రసు ఇక్కడిది పెట్టి ఉంటే, అక్కడ ఎవరైనా నొక్కితే అంబులెన్సు టెక్సస్‌లో నీ ఇంటికొస్తుంది. అక్కడి 108, 112 దాని నుంచి కలవవు. ఆ ఫోను మీదే ఇంగ్లీషులో కాదు, తెలుగులో చీటీ అంటించు: "అంబులెన్సుకు ఇది కాదు, మొబైల్."

మూడోది చట్టం. కృష్ణాతీరం గారు చెబితే మంచిది.

కృష్ణాతీరం:
ఇండియాలో నెట్ ఫోన్ 2002 ఏప్రిల్ 1 నుంచి అనుమతించారు. అప్పటి నిబంధనల్లో ఇండియాలోని కంప్యూటర్ నుంచి విదేశీ ఫోనుకు చేయడం ఉంది. అక్కడి మామూలు ఫోన్లతో నెట్‌ను కలపడం లేదు. 2018లో లైసెన్సున్న ఆపరేటర్లు ఆ పని చేయొచ్చన్నారు. ఇంటి అడాప్టర్‌తో మీ అమ్మగారు నీతో మాట్లాడటం ఒకటి. ఆ పెట్టెలో ఇంకో పోర్టుకు హనుమకొండ ల్యాండ్‌లైన్‌నో, సిమ్‌నో తగిలించి, నువ్వు ఇక్కడి నుంచి ఊళ్లో అందరికీ లోకల్ రేటుకు చేసుకోవడం వేరే. రెండోది నేరం. ఇంటి వాడకానికే అన్నా ఊరుకోరు. ఓబీ110 లాంటి వాటిలో ఆ రెండో పోర్టు ఉంటుంది, అందులో అక్కడి లైను పెట్టకు.

నిజానికి నీకు పెట్టె మోయాల్సిన పనే ఉండకపోవచ్చు. హనుమకొండలో ఫైబర్ ఉంటే జియోఫైబర్, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్ ముగ్గురూ ఇచ్చే పెట్టెల్లోనే ల్యాండ్‌లైన్ పోర్టు ఉంటుంది. మామూలు ఫోను కొనిచ్చి తగిలించు. దేశంలో కాల్స్‌కు విడిగా ఏం కట్టనక్కర్లేదు. నువ్వు ఆ నంబరుకు ఇక్కడి అడాప్టర్ నుంచి చెయ్యి. మీ అమ్మ నీకు మిస్డ్ కాల్ ఇవ్వాలంటే మొబైల్ ఎలాగూ ఉంది.

ఓరుగల్లు_బిడ్డ:
ఫైబర్ ఉన్నది అన్నా, ఆ పోర్టు ఉంటదని ఇప్పటిదాకా తెల్వదు. మా చెల్లెకు ఫొటో తీసి పంపమన్న. ఇక్కడ నేను హెచ్‌టీ801 పెట్టుకుంట, అక్కడ ఫోను మాత్రం కొనిస్త. మంచిగ చెప్పిన్రు.

అట్లాంటా_అక్క:
పోర్టింగ్ అయ్యిందా కోడలు గారూ? ఇంకొకటి అడగాలి. మా వీధిలో ఒకావిడకు మెడలో వేసుకునే ఎమర్జెన్సీ బటన్ ఉంది, అది ల్యాండ్‌లైన్‌కే కట్టి ఉంది. ఆవిడ కూడా నెట్ ఫోనుకు మారదామంటోంది. పనిచేస్తుందా?

చికాగో_వైర్‌మ్యాన్:
పాత బటన్ యంత్రాలు, దొంగల అలారంలు, ఫ్యాక్సులు మోడెం కూతలతో మాట్లాడతాయి. నెట్‌లో ఆ కూత చెడిపోతుంది. ఫ్యాక్సుకు టీ.38 అని ఒక పద్ధతి ఉంది, ఒక్కో కంపెనీలో పనిచేస్తుంది, ఒక్కోచోట పనిచేయదు. అది చెడితే కాగితం మళ్లీ పంపుకుంటాం. ప్రాణం మీద బటన్‌కు ఆ లెక్క కుదరదు. ఆవిణ్ని బటన్ కంపెనీకి ఫోన్ చేసి సెల్యులార్ యంత్రం అడగమనండి. అది వచ్చి, పెట్టి, పరీక్ష కాల్ వెళ్లాకే ల్యాండ్‌లైన్ తీయాలి. అప్పటిదాకా ఆ బిల్లు కట్టాల్సిందే.

ప్లేనో_కోడలు:
పోర్టింగ్ నిన్న పూర్తయింది అక్కా. మొదటిసారి తిరస్కరించారు, బిల్లులో మావారి ఇంటిపేరు ముందు ఉంది, రాజు గారు చెప్పినట్టే. దిద్ది పంపితే అయ్యింది. పాత నంబరుతోనే డాక్టరాఫీసు నుంచి కాల్ వచ్చింది. 933 నొక్కితే మా అడ్రసు చదివింది. యూపీఎస్ శనివారం వస్తుంది. మూడు హ్యాండ్‌సెట్ల ఫోను కొన్నాం, ఒకటి అత్తయ్య మంచం దగ్గర, ఒకటి వంటింట్లో, ఒకటి మామయ్య కుర్చీ పక్కన. నంబరుకు, 911కు కలిపి మూడు డాలర్ల లోపు, ఇండియా కాల్స్‌కు 15 డాలర్లు పక్కన పెట్టాను.

అమ్మకాల కాల్స్ మాత్రం పాత నంబరుతో పాటే వచ్చాయి. వాటికేమైనా ఉందా?

రూటర్‌రాజు:
ఉంది. మీ ఖాతాలో ఐవీఆర్ లేదా డిజిటల్ రిసెప్షనిస్ట్ అన్నది చూడండి. కాల్ చేసినవాళ్లకు "1 నొక్కండి" అని వినిపించి, నొక్కితేనే ఇంట్లో మోగేలా పెట్టండి. యంత్రాల కాల్స్ అక్కడే ఆగిపోతాయి. డాక్టర్లు, స్కూలు, ఫార్మసీ, మీ ఇంటివాళ్ల మొబైల్స్, ఇండియా నంబర్లు కాలర్ ఐడీ ఫిల్టర్‌లో చేర్చి నేరుగా మోగనివ్వండి. ఫార్మసీ నుంచి మందులు సిద్ధమని వచ్చేది కూడా యంత్రమే, దాని నంబరు మరిచిపోకుండా చేర్చండి.